బొత్తాలకు పేర్లు

చిలక పొద్దున్నుంచీ ఒకటే మాట అంటోంది. "బటన్." అక్క బాణం మీట నొక్కింది. "బటన్." మళ్ళీ నొక్కింది. "బటన్."

చిలక అంటే పంజరంలో చిలక కాదు. కంప్యూటరు తెర మీద ఏముందో చదివి వినిపించే ప్రోగ్రాముకు అక్క పెట్టుకున్న పేరు. పుట్టుకతోనే చూపు లేని ఆమెకు కంప్యూటరుతో పనంటే ఆ చిలకతో పనే. నిన్నటిదాకా అది వట్టి వాగుడుకాయ. ఫైళ్ళ పేర్లు చదివేది, మీటల పేర్లు చదివేది, గడియారం చూసి టైము కూడా చెప్పేది. ఇవాళ ఈ కొత్త మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టేసరికి దానికి ఒక్క మాటే మిగిలింది. బొమ్మలు గీసినవాళ్ళు ఆ బొమ్మల వెనకాల పేర్లు రాయడం మరిచిపోతే పాపం చిలక మాత్రం ఏం చదువుతుంది?

"ఎలా ఉందక్కా?" కుర్చీ వెనక నుంచి అడిగాడు అల్లుడుగారు. ఆయన స్టూడియో యజమానికి అల్లుడు. మామగారు లెక్కలు చూసుకుంటే కంప్యూటర్ల సంగతి ఈయన చూస్తాడు. కాబట్టి అందరికీ అల్లుడుగారే.

"అన్నీ బొత్తాలే బాబూ. చొక్కా మాత్రం తగలడం లేదు."

అల్లుడుగారు గట్టిగా నవ్వాడు. మంచివాడే. "అలవాటవుతుందక్కా. చూడ్డానికైతే అద్దంలా ఉంది. అనవసరమైన వరసలన్నీ దాచేశాను, తెరంతా శుభ్రంగా ఉంది."

"చూసేవాళ్ళకి బాగుంటే చాల్లే," అంది అక్క. ఆ మాటలో పులుపు ఆమెకే తెలిసింది. 

స్టూడియోలో అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. పదేళ్ళు పెద్దయిన యజమానికి కూడా ఆమె అక్కే. టైర్ల దుకాణం పైన మూడు గదుల స్టూడియో అది. ప్రకటనలకీ, డాన్సు క్లాసులకీ, సభలకీ పాటలు చేసిస్తారు. గోడల నిండా స్పాంజి అంటించినా కింద టైరు పేలితే పైన మైకులో పడుతుంది. ఇక్కడ బాణీలు కట్టేదీ, పాడినవాళ్ళ ముక్కలు ఏరి అతికేదీ అక్కే. దానికి ఇన్నాళ్ళూ వాడిన సాఫ్ట్‌వేర్‌ను ఆమె మాటకారి అనేది. అందులో ప్రతి మీటకూ పేరుండేది, ప్రతి పేరూ చిలక నోట పలికేది. దాన్ని తయారుచేసినవాళ్ళు దుకాణం కట్టేశారు. కొత్త కంప్యూటర్లలోకి అది ఎక్కదన్నారు. ఎక్కనిదాన్ని పట్టుకుని వేళ్ళాడితే ఎవరికి లాభం? అలా అని యజమానే అన్నాడు, కొంచెం మొహమాటపడుతూ.

చేతిలో పని మాత్రం మామూలుది కాదు. బస్సు డిపో వాళ్ళు ముందురోజే వచ్చి పాడి వెళ్ళారు, అల్లుడుగారు కొత్తదాంట్లోకే రికార్డు చేశాడు. డ్రైవర్లూ కండక్టర్లూ కలిపి ఇరవై మంది. వాళ్ళ గ్యారేజీ మెకానిక్ సోమవారం సాయంత్రం రిటైరవుతున్నాడు. ఇన్నేళ్ళు తమ బండ్లు దారిలో ఆగిపోకుండా ఇల్లు చేరాయంటే ఆయన చలవేనని పాట రాసుకున్నారు. షిఫ్టులు సర్ది, ఇరవై మందినీ ఒకే పూట ఒకచోట చేర్చడానికి వాళ్ళ పెద్ద నానా తంటాలూ పడ్డాడట. ఆ డ్రైవర్ని అందరూ హారన్ అంటారు. ఎందుకో ఆయన నోరు తెరిస్తే తెలుస్తుంది.

నాలుగుసార్లు పాడారు. మొదటిసారి బెరుకు. రెండోసారి ఎవరో దగ్గారు. మూడోసారి అంతా కుదిరింది గానీ, "రేపు మా బండి ఆగితే ఎవరిని పిలవాలి" అన్న చివరి మాట దగ్గర హారన్ గొంతు పూడుకుపోయింది. నాలుగోసారి సాఫీగానే పాడారు, కానీ అలిసిపోయి పాడారు. అక్క ఆ నాలుగింటినీ చెవులకి ఎక్కించుకుని, ఏ ఊపిరి దగ్గర కోయాలో, ఎక్కడ అతకాలో మనసులోనే గీసుకుంది.

బొత్తాలు పలకవు కాబట్టి మెనూలు చదివించుకుని బట్టీపట్టింది. అల్లుడుగారు ఓపిగ్గా చదివాడు. మెనూ తెరిచి ఆరుసార్లు కింది బాణం కొడితే పాట మొత్తం కలిసి వేరే కాపీ తయారవుతుంది. అది గుర్తుంటే చాలు. మధ్యాహ్నం దాకా కోతలూ అతుకులూ వేసుకుంది. చెవికి అది కొత్త పని కాదు. భోజనం చేసి వచ్చి, మెనూ తెరిచి, వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ ఆరుసార్లు కొట్టి, ఎంటర్ నొక్కింది. "బటన్," అంది చిలక. గంటలాంటి చిన్న చప్పుడు వచ్చింది. అయిపోయిందన్నమాట. సేవ్ చేసి, కంప్యూటరు ఆపి, తేలిగ్గా ఇంటికి వెళ్ళింది.

*

శుక్రవారం పొద్దున్న తెరిచి వింటే పాట లేదు. నాలుగు బస్సులు ఒకే సందులోకి దూరినట్టుంది. బెరుకు పాటా, దగ్గిన పాటా, గొంతు పూడిన పాటా, అలిసిన పాటా, అన్నీ ఒకదాని మీద ఒకటి. విడివిడి ముక్కలు ఎక్కడా లేవు.

అక్క ఇంకోసారి వినిపించింది. అది విని గదిలోకి ముందు అల్లుడుగారొచ్చాడు, వెనకాల యజమాని వచ్చాడు.

"అన్నిటినీ కలిపేసి, పాతవాటిని తీసెయ్ అన్నదాని మీద పడిందక్కా," అన్నాడు అల్లుడుగారు తెర చూసి. "కాపీ చెయ్యడానికి దాని కిందది నొక్కాలి."

"ఆరే కొట్టాను బాబూ. నువ్వు చదివిన ఆరే."

కీబోర్డు మీద ఆయన వేళ్ళ టకటక ఉన్నట్టుండి ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది గానీ ఇందాకటి వేగం లేదు. కంప్యూటరు చెత్తబుట్టలో వెతికాడు, ఫోల్డర్లన్నీ తిరగేశాడు. ఎక్కడా లేవు.

యజమాని కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చున్నాడు. ఆయన నిట్టూర్పుకి ముందు గొంతు సవరించుకుంటాడు. అది విన్నాక వచ్చేది ఏమిటో ఆమెకు అర్థమైంది.

"అక్కా, నిన్నేమీ అనడం లేదు. నీ తప్పని కూడా అనను. కాలం అలా మారిపోయింది. సోమవారం నుంచి నువ్వు ముందుగదిలో ఫోన్ దగ్గర కూర్చో. నీ గొంతు వింటే వచ్చే పార్టీ ఎవరూ పక్క స్టూడియోకి పోరు. నీకేం తక్కువ చెయ్యను."

"మరి డిపో వాళ్ళకి?"

"సోమవారం పొద్దున్న హారన్ వస్తాడుగా, అప్పుడే చెబుదాం. ఇప్పుడే చెబితే ఈ రెండు రోజులూ నిద్రపోడు."

నిద్రపోనిది ఎవరో ఆయన గొంతులోనే తెలుస్తోంది. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు. జాలిపడినవాణ్ణి ఏమంటాం? బల్ల అంచు మీద చెయ్యి పెట్టింది. ఏళ్ళ తరబడి తన మణికట్టు రాసుకుని అక్కడ చెక్క నున్నబడిపోయింది. సోమవారం నుంచి ఈ అంచు మీద ఎవరో టీ కప్పు పెట్టుకుంటారు. ఆ ఆలోచనకి ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఏడిస్తే ఆయన ఇంకొంచెం జాలిపడతాడని.

*

"ఏమే అమ్మాయ్, మొహం అలా వేలాడేసుకొచ్చావేం?"

అత్తగారి కుట్టుమిషన్ ఆగింది. కిటికీ దగ్గర ఆ మిషన్ మీదే ఆవిడ కొడుకుని చదివించి లిఫ్టు మెకానిక్‌ని చేసింది. ఇప్పుడు కుట్టాల్సిన అవసరం లేకపోయినా కాళ్ళు ఊరుకోవు.

అక్క చెప్పింది. అత్తగారు దారం కొరికి పక్కన పెట్టింది.

"నువ్వు చూసినన్ని సాఫ్ట్‌వేర్లు నేను మావాడికి సంబంధాలు చూడలేదే. మొదట ముసలిదన్నావు, అది కాలం చేసింది. తర్వాత నత్తన్నావు, పాట మొదలెడితే పొద్దుగూకేది. మాటకారి దొరికిన రోజు నువ్వు నన్ను వాటేసుకుని గంతులేశావు. అదీ పోయింది. ఇప్పుడిదేమో నోరు విప్పదు. అంతేగా?"

"అంతే."

"విప్పకపోతే నేర్పలేమా?"

ఆ దారి అక్కకి తెలియంది కాదు. పేరులేని బొత్తాం మీద నిలబడి పేరు రాసిపెడితే ఆ తర్వాతనుంచి చిలక ఆ పేరే చదువుతుంది. కానీ అది ఏ బొత్తామో ముందు చూసి చెప్పే కళ్ళు కావాలి. స్టూడియోలో ఎవరి పని వాళ్ళది. ఎవరిని అడుగుతుంది?

"చాలా ఉంటాయి అత్తయ్యా. ఒకటీ రెండూ కాదు."

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బొత్తాలు కుట్టినదాన్ని. నాతోనా చెబుతున్నావ్? రేపు పొద్దున్నే పెట్టు దాన్ని."

శనివారం పొద్దున్న భోజనాల బల్ల మీద పాత కంప్యూటరు పెట్టి, కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరీక్షకి ఇచ్చే ఉచిత కాపీ దించుకున్నారు. పక్కన కుర్చీలో అత్తగారు, ఒళ్ళో ఎవరిదో లంగా అంచు. మౌసు ఒక్కో బొమ్మ మీద ఆపుతుంది. ఇంగ్లీషు అక్షరాలు తేలితే కూడబలుక్కుని చదువుతుంది, తేలకపోతే కనపడింది చెబుతుంది. అక్క నొక్కి చూసి అదేం చేస్తుందో కనిపెడుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి పేరు పెడతారు.

"ఇదొక్కటి నాకు బాగా తెలుసు. కత్తెర."

"కత్తెర," అని కొట్టింది అక్క.

"ఇక్కడ తన తోక తనే పట్టుకున్న బాణం ఉంది."

అక్క నొక్కింది. కుట్టుమిషన్ చప్పుడు పరీక్షకని ముందే రికార్డు చేసిపెట్టుకున్నారు. అదే ముక్క మళ్ళీ మళ్ళీ మోగింది, ఆగకుండా.

"పాడిందే పాటరా అన్నట్టుంది. ఆపవే తల్లీ!"

దాని పేరు "పాడిందే పాట" అయింది. పాటలో ఒక గొంతు పాయను వినపడకుండా చేసేది "నోర్ముయ్". ఒకదాన్నే ఉంచి మిగతావాటిని ఆపేది "నువ్వొక్కడివే". రికార్డు చేసే ఎర్ర చుక్క "ఊపిరి బిగబట్టు". చప్పుడు మెల్లగా తగ్గించేది "జారుకో". మొత్తం పాట చప్పుడును శాసించే పెద్ద మీటకి అత్తగారు ఆలోచించకుండానే "పెత్తనం" అంది. ఆ వరస అయ్యేసరికి మొదట్లో ఉన్న దిగులు సగం దిగిపోయింది. అక్క నవ్వుతోంది.

మధ్యాహ్నం ఒకచోట చిక్కుపడ్డారు. రెండు బొమ్మలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. అత్తగారు ఇటు చూసి అటు చూసి, "ఏదో గుడ్డిలో మెల్లలే, దీన్నే..." అని టక్కున ఆగిపోయింది.

"నాలిక్కరుచుకున్నారా అత్తయ్యా?" అంది అక్క.

"రక్తం వచ్చేట్టు కరుచుకున్నా."

అక్క పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ, బల్ల మీద వాలిపోయి, వెంటనే లేచి, చేసిన పనిని వెనక్కి తీసుకునే బొత్తాం దగ్గరికి వెళ్ళి దానికి పేరు కొట్టింది. చిలక గంభీరంగా చదివింది. "నాలిక్కరుచుకో." అత్తగారు కూడా అప్పుడు నవ్వింది, ముందు బిడియంగా, తర్వాత బాహాటంగా.

ఆదివారం పెద్ద వరసలు అయిపోయాయి. ఎడం పక్క అడుగున ఉన్న చిన్న వరస మిగిలింది.

"ఇదేదో మడతపెట్టిన గుడ్డలా ఉంది," అంది అత్తగారు. నొక్కగానే ఒక అర తెరుచుకుంది. "లోపల ఫైళ్ళ పేర్లున్నాయి. అడుగున చెత్తబుట్ట."

అక్క వేళ్ళు ఆగిపోయాయి.

"చెత్తబుట్టా? దీని లోపలే?"

"దీని లోపలే. బుల్లిది. మూతుంది."

అల్లుడుగారు వెతికింది కంప్యూటరు చెత్తబుట్టలో. దీనికి సొంతంగా ఇంకోటుందని ఆయనకూ తెలియదు. స్టూడియోలో ఈ వరస ఉంటేగా, శుభ్రంగా ఉండాలని దాచేశాడు! అక్క గబగబా కుట్టుమిషన్ ముక్కలు రెండు రికార్డు చేసింది. వాటిని కావాలని కలిపేసి, పాతవాటిని తీసెయ్యమంది. తర్వాత మడత గుడ్డ నొక్కి, చెత్తబుట్ట తెరిచింది. "మిషన్ ఒకటి. మిషన్ రెండు," అని చదివింది చిలక.

"ఉన్నాయా?" అంది అత్తగారు.

"ఇక్కడున్నాయి. అక్కడ ఎవరైనా ఆ బుట్ట ఖాళీ చేసుంటే మాత్రం..." ఆ మాట పూర్తి చేయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

సాయంత్రం అక్క స్నానం చేసి వచ్చేసరికి బల్ల దగ్గర ఒంటివేలి టకటక వినపడింది. అత్తగారు ఫోనులో చెల్లెలికి మెసేజీలు కొట్టేదీ అలాగే.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"ఒక బొత్తాం మిగిలిపోయింది. నేనే కుట్టేశాలే. నువ్వెళ్ళి తల తుడుచుకో."

*

సోమవారం స్టూడియో ముందుగదిలో ఫోను బల్ల దగ్గర కొత్త మెత్త వేసిన కుర్చీ సిద్ధంగా ఉంది. యజమాని స్వయంగా ఆమె చెయ్యి పట్టుకుని ఆ మెత్త మీద ఆనించాడు. "మెత్తగా ఉంది కదక్కా?"

"చాలా మెత్తగా ఉందండీ. ఒక్క పది నిమిషాలు ఆ గట్టిదాంట్లో కూర్చుని వస్తాను."

అక్క లోపలికి వెళ్ళి, ఇంటి నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, పేర్లన్నీ చిలకకి అప్పగించింది. డిపో పాట తెరిచింది. బాణం కొట్టింది. "కత్తెర," అంది చిలక. "పాడిందే పాట. నోర్ముయ్."

వెనక అల్లుడుగారి అడుగులు ఆగిపోయాయి. "ఏమన్నదది?"

"నిన్ను కాదులే బాబూ." ఎడం పక్క అడుగుకి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చిలక ఆ మూల దాటేసి పైకి వెళ్ళిపోతోంది. "ఇక్కడో చిన్న వరసుండాలి. నువ్వు దాచావా?"

"దాచాను. వాడేది కాదని."

"ఒక్కసారి బయటపెట్టు."

మౌసు రెండుసార్లు చప్పుడు చేసింది. అక్క బాణం నొక్కింది. "మడత గుడ్డ." ఎంటర్. కిందికి, ఇంకా కిందికి. "చెత్తబుట్ట." వేలు మీట మీద పెట్టి ఆగింది. ఇందులో లేకపోతే మెత్త కుర్చీయే. ఇక వేరే దారి లేదు. నొక్కింది.

"డిపో ఒకటి," అంది చిలక. "డిపో రెండు. డిపో మూడు. డిపో నాలుగు."

అక్కకి ఊపిరాడింది. వెనకనుంచి ఇంకో పెద్ద ఊపిరి వినపడింది. అది ఆమెది కాదు. అల్లుడుగారు పక్క స్టూలు మీద కూలబడ్డాడు.

"అక్కా, నేనో మాట చెప్పాలి. గురువారం మీరు భోజనానికి వెళ్ళినప్పుడు ఈ సాఫ్ట్‌వేర్‌లోకి కొత్త పరికరం ఒకటి ఎక్కించాను. అది మెనూలో పైన చేరింది. అన్నీ ఒక మెట్టు కిందికి జారాయి. మీ ఆరు తప్పింది అందుకే. శుక్రవారమే గుర్తొచ్చింది. మామగారి ముందు నోరు పెగల్లేదు."

"తెలుసు బాబూ. నీ కీబోర్డు ఆగినప్పుడే అనుకున్నా."

"మరి మీరైనా చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని."

ఆయన లేచి ముందుగదిలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి అదే మాట మామగారికి చెప్పడం అక్కకి వినపడింది, మొదటినుంచీ చివరిదాకా. యజమాని గొంతు సవరించుకున్నాడు గానీ ఈసారి నిట్టూర్చలేదు. ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఇంకా మోగింది. చివరికి మెత్త కుర్చీ కిర్రుమంది, "హలో, స్టూడియో అండీ," అన్న యజమాని గొంతు వినపడింది.

అక్క కోతలు మళ్ళీ మొదలుపెట్టింది. పోయినసారి ఏ ఊపిరి దగ్గర కోసిందో చెవికి గుర్తుంది. ఈసారి ప్రతి బొత్తాం పేరు చెప్పి మరీ పనిచేసింది. ఒకచోట చెయ్యి జారితే "నాలిక్కరుచుకో" దగ్గరికి వెళ్ళింది, అతుకు వెనక్కి వచ్చేసింది. మాటకారి దగ్గర కూడా ఇంత ధీమాగా కూర్చున్నట్టు ఆమెకు గుర్తులేదు. అది మాటలు వచ్చే పుట్టింది. దీనికి మాటలు తమ బల్ల మీద వచ్చాయి.

మధ్యాహ్నానికి ముందు హారన్ వచ్చాడు. మెట్ల మీదనుంచే, "అయిందా అమ్మా పాట!" అన్న కేక టైర్ల దుకాణం దాకా వినపడింది. కూర్చోబెట్టి వినిపించారు. పాట సగం అయ్యేసరికి ఆయన కుర్చీ కదలడం మానేసింది. చివరి మాట దగ్గర అందరి గొంతుల మధ్యనుంచీ ఆయన గొంతు పూడుకుపోయి, ఆగి, మళ్ళీ లేచింది.

పాట అయ్యాక హారన్ మెల్లగా అడిగాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడగలడని స్టూడియోలో ఎవరికీ తెలియదు. "ఆ చివర గొంతు పోయింది కదమ్మా. తీసేస్తారేమో అనుకున్నా."

"అది తీస్తే ఇంక పాటేముందన్నా?"

ఆయన రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, పాట తీసుకుని, మెట్లు దిగుతూ మళ్ళీ ఎవరినో కేకేశాడు. యజమాని లోపలికి వచ్చి నిలబడ్డాడు. బల్ల మీదున్న తన టీ కప్పు తీసి, ఆ నున్నబడిన అంచును చేత్తో తుడిచాడు.

"ఆ మెత్త ఈ కుర్చీకి వేయించనా అక్కా?"

"వేయించండి," అంది అక్క నవ్వుతూ. "గట్టిదాని మీద నడుం పట్టేస్తోంది."

"ఇకమీద ఏ వరస కదిపినా ముందు మీకు చెప్పే కదుపుతాను," అన్నాడు అల్లుడుగారు గుమ్మంలోంచి. 

సాయంత్రం అందరూ సర్దుకుంటున్నారు. కింద దుకాణం వాళ్ళు షట్టరు దించారు. అక్క ఆ రోజు పని సేవ్ చేసి, సాఫ్ట్‌వేర్ మూసేద్దామని పై మూలకు వెళ్ళింది. మామూలుగా రెండు మీటలు కలిపి నొక్కి మూసేస్తుంది కాబట్టి ఆ బొత్తాంకి తను పేరు పెట్టలేదు. ఇవాళ మాత్రం పేర్లు ఒక్కొక్కటీ వింటూ అక్కడిదాకా వచ్చింది.

"ఇక చాల్లే అమ్మాయ్," అంది చిలక. "ఇంటికి రా."

అక్క చెయ్యి ఆగిపోయింది. ఒంటివేలి టకటక గుర్తొచ్చింది. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఇంకోసారి విందామని ఒక బొత్తాం వెనక్కి వెళ్ళి, మళ్ళీ దాని మీదికి వచ్చింది.